ఇసుక తూకం

ఇసుక ఎక్కడిదన్నది కాదు, మంజీరా ఇసుక ఊరంతా ఉంది, ఇల్లు కట్టుకున్న ప్రతివాడి వాకిట్లోనూ ఇంత కుప్ప మిగిలే ఉంటుంది. పదకొండు నెలల్లో ఒక్క నెలైనా చెయ్యి జారి కిలో ఎందుకు పెరగలేదన్నది కదా అసలు సంగతి, అనుకుంటున్నాడు దశరథం. నోట్లో వేపపుల్ల ఉంది. నమలడం మరిచిపోయి చాలాసేపయింది.

ఒక నెల పావుకిలో. ఒక నెల అరకిలో. అంత పొదుపుగా పెంచడం ఆమెకు ఎవరు నేర్పారు?

తనే నేర్పాడు. పోయిన సీజన్లో అన్నం తింటూ తల్లికి చెప్పేవాడు, రైతులు చెరుకు బరువు ఎట్లా పెంచుతారో. కొందరు కట్టల మీద నీళ్లు కొడతారు. కొందరు కొసల ఆకు కొట్టకుండానే బండికెత్తుతారు. ఒకడు కట్ట నడుమ రాయి పెట్టాడు. "రాయి పెట్టెటోడు దొరుకుతడే అవ్వా. ఒక్కపారే శాన ఆశ పడ్తడు గద. రోజింత మన్ను అంటిచ్చి తెచ్చెటోన్ని నేను గూడ పట్టలేను" అని నవ్వేవాడు. అతని భార్య లింగవ్వ అప్పుడు తలుపు పక్కన నిలబడి, ఎవరి కంచంలో ఏది తగ్గిందో చూస్తూ ఉండేది. వింటున్నదని అతను అనుకోలేదు. ఆమె అక్కడ ఉన్నదని కూడా అనుకోలేదేమో.

మొన్న అమావాస్య పొద్దున, ఎరువుల గోదాంలో కాటా మీది నుంచి దిగుతూ ఆమె పడిపోయింది. జీపు దొరికింది కాబట్టి సరిపోయింది. నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లో ఉండే డాక్టరమ్మ దగ్గర పడుకోబెడితే, నర్సు చీర వదులు చేసింది. పాత చీరను నాలుగు మడతలు వేసి కుట్టిన పట్టీ ఒకటి బయటపడింది. నడుముకు రెండు చుట్లు. లోపల ఇసుక.

ఇసుక తీసేసి డాక్టరమ్మ మళ్లీ తూచింది. ముప్పై అయిదున్నర. అంతకు రెండు గంటల ముందు దశరథం తన పుస్తకంలో నలభై ఒకటిన్నర అని రాసుకున్నాడు.

"ఇంట్లో తిండికి కొదవా?" అని అడిగింది డాక్టరమ్మ. తనను కాదు, పక్కనున్న లింగవ్వ అక్క చంద్రవ్వను. తనను అడిగి ఉంటే బాగుండేది. ఏదో ఒకటి చెప్పేవాడు.

ఆ పుస్తకం చక్కెర ఫ్యాక్టరీ ఇచ్చే డైరీ. దశరథం చెరుకు కామ్‌దార్. పన్నెండు ఊళ్ల చేలు తిరిగి, ఏ చేను ఎప్పుడు నాటారో, ఎంత మొలిచిందో, ఎప్పుడు కోతకు వస్తుందో రాసుకోవడం, సీజన్లో బండ్ల తూకం చూడడం అతని పని. ఆరేళ్ల కిందట ఒక ఉగాదినాడు, ఏమీ తోచక, డైరీ చివరి పేజీలో ఇంటిని కూడా చేను లాగా గళ్లు గీసి రాశాడు. ఒక్కొక్కరికి ఏడాదికి ఒక పని. ఎంతవరకు వచ్చిందో నెలనెలా చూసి రాయడం, రాసింది ఇంట్లో అందరి ముందూ చదవడం. అమావాస్యకు ఎడ్లు కట్టరు, బండ్లు నడవవు, గోదాం ఖాళీగా ఉంటుంది. అందుకని అమావాస్య.

ఈ ఏటి గళ్లు నాలుగు. ఇల్లు: వెనక అర్రకు పెంకులు. అవ్వ: కంటి మందు. లింగవ్వ: బలం. తను: బీడీ మానడం.

బలం అంటే నలభై రెండు కిలోలు. మూడో కాన్పు కూడా అయిదో నెలలో పోయినప్పుడు, నలభై రెండు దాటేదాకా ఇంకో కాన్పు మాట ఎత్తొద్దని ఈ డాక్టరమ్మే చెప్పింది. ఉగాదికి ఇంకో అమావాస్య మిగిలి ఉండగానే అరకిలో దూరానికి వచ్చామని మొన్న పొద్దున అతనికి ఎంత హుషారుగా ఉండింది.

"మొకం కడుగుతున్నవా, తపస్సు చేస్తున్నవా?" లోపలి నుంచి తల్లి హన్మవ్వ గొంతు. "ఎనిమిది గంటల బస్సు పోతది."

దశరథం పుల్ల ఉమ్మేసి లోపలికి వచ్చాడు. తల్లి చాటలో ఎండుమిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తున్నది. కళ్లకు దగ్గరగా పెట్టుకుంటే తప్ప ఆమెకు కాయకూ తొడిమకూ తేడా తెలియదు.

"అవ్వా, ఒక్కటి అడుగుత."

"అడుగు."

"లింగవ్వ తినంగ నువ్వెప్పుడన్న చూసినవా?"

హన్మవ్వ చెయ్యి ఆగలేదు. "నేను తిన్నంక తింటది గద. నేనెందుకు సూస్త?"

"పదునాలుగేండ్లల్ల ఒక్కపారి గూడ చూడలేదా?"

"నువ్వు సూసినవా?"

అతను లింగవ్వ వండుతుండగా చూశాడు, వడ్డిస్తుండగా చూశాడు, అంట్లు తోముతుండగా చూశాడు. నోట్లో ముద్ద పెట్టుకుంటుండగా ఆమె ముఖం ఎట్లా ఉంటుందో ఊహించబోతే ఏమీ రాలేదు.

"సర్వల అన్నం మిగులుతుండెనా మరి?"

"మిగలలే. కడిగి బోర్లిచ్చి పెట్టేది. తిన్నదనుకున్న." హన్మవ్వ ఒక కాయను ఎత్తి చూసి, అది పుచ్చిందని పక్కకు వేసింది. "బర్రె గూడ గీ యేడు మంచిగ పాలిచ్చె."

దొడ్లో బర్రె తోక విసురుకుంటున్న చప్పుడు వినిపిస్తున్నది. కుడితి తొట్టి ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. రెండు పూటలా కుడితి కలిపేది ఎవరో కూడా తెలుసు.

"ఊర్ల ఎవ్వలన్న అడిగితే జొరం అని చెప్పు" అంది హన్మవ్వ చివరికి. "ఇసుక ముచ్చట బయటికి పోతే ఇజ్జత్ ఉండది. కోడలికి బువ్వ పెట్టలేదంటరు. నన్నంటరు, నిన్ననరు."

"నువ్వు పెట్టలేదని నేనన్ననా?"

"అనకున్నా గట్లనే సూస్తున్నవ్."

"నేనేం చూస్తలేను. నీ కంటి మందు సంగతి చెప్పు. రోజు రెండుమాట్ల పోసుకుంటున్నవా?"

ఎందుకు అడిగాడో అతనికే తెలియదు. మాట మార్చడానికే కావచ్చు. హన్మవ్వ చాట దించి కింద పెట్టింది.

"మండుతది రా."

"మండితె?"

"మండితె పారబోసిన."

"పదకొండు నెలల సందా?"

"దసరా సంది."

"అప్పటి సంది అయిదు సీసలు అయిపోయినయి గదనే. నేనే తెచ్చిన. నేనే రాసుకున్న."

"అయిపోవాలె గద మరి. నెలకు ఒక్క సీస అయిపోతే నువ్వు ఖుషీ అయితవ్. నువ్వు సీస సూస్తవ్ గని నా కన్ను సూస్తవా?" హన్మవ్వ గొంతులో కోపం లేదు. మిరపకాయల ధర చెప్పినట్టు చెప్పింది. "ఆ పిల్ల నాకంటె మొండిది. నేను పారబోసిన, ఆమె నింపుకున్నది. గంతే ఫరఖు."

దశరథం చొక్కా తొడుక్కున్నాడు. డైరీ జేబులోనే ఉంది, రోజూ ఉన్నట్టే. వాకిట్లోకి వచ్చాక వెనక అర్ర మీది కొత్త పెంకుల వైపు చూశాడు. నాలుగు గళ్లలో అబద్ధం ఆడడం చేతగానిది అదొక్కటే.

నాలుగోది తనది. బీడీ. మొన్న పొద్దున నలభై ఒకటిన్నర అని రాసుకున్న సంబరంలో, పడిపోకముందు, లింగవ్వ ఇంకా కాటా మీద నిలబడి ఉండగానే, గోదాం గోడ వెనక్కి పోయి ఒక బీడీ తాగి వచ్చాడు. వచ్చాక తన గడిలో కూడా టిక్కు పెట్టుకున్నాడు. ఎట్లా పెట్టాడు? నిన్నంతా దాని గురించే ఆలోచించాడు. అది అబద్ధమని ఆ నిమిషంలో అనిపించలేదు. ఆ నెలలో తక్కువ తాగాడు, మానే దారిలో ఉన్నాడు, వచ్చే నెలకు నిజమయ్యేదాన్ని ఈ నెలే రాసుకుంటున్నాడు, అంతే. మనసు ఎంత సాఫీగా ఒప్పుకుంది. లింగవ్వ మనసు కూడా సూదిలోకి దారం ఎక్కిస్తూ అంత సాఫీగానే ఒప్పుకుని ఉంటుంది.

*

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎడపల్లి దాటేసరికి పక్కన వీరరాఘవయ్య వచ్చి కూర్చున్నాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి బోధన్ కాలవ కింద నలభై ఎకరాలు చేస్తున్న పెద్దరైతు. పదిహేను రోజుల కిందట అతని రెండు బండ్లను మట్టి ఎక్కువుందని దశరథమే వెనక్కి తిప్పాడు.

"ఏవండీ కామదారుగారూ, నిజామాబాదేనా?"

"అవును."

"మీ ఇంట్లో ఆవిడకి ఎలా ఉందండీ? మా పాలేరు చెప్పాడు."

"జొరం" అన్నాడు దశరథం.

"జ్వరమే లెండి" అన్నాడు వీరరాఘవయ్య, తనే ఆ మాట అతనికి ఇచ్చినట్టు. కిటికీలోంచి కోసిన చెరుకు చేలు వెనక్కి పోతున్నాయి. "మొన్న నా బండ్లు ఆపారు. మీమీద కోపం లేదండి. మట్టి ఉంది."

"ఉన్నది."

"ఎందుకుందో మీరు అడగలేదు."

"మట్టి మట్టే గద పటేలా. అడిగేదేమున్నది?"

"చేలో తడి ఆరలేదండి. కోత తేదీ మీరే ఇచ్చారు. ఆ రోజు కొయ్యకపోతే మళ్లీ వంతు ఎప్పటికో. బురదలో దిగి కోశారు మావాళ్లు. మీ పుస్తకంలో తేదీకి ఒక గడి, బరువుకి ఒక గడి. ఇంకో గడి ఉంటే అందులో రాయించుకుందును కదా." వీరరాఘవయ్య నవ్వాడు. మనసులో పెట్టుకుని అన్న మాట కాదని తెలియడానికి జేబులోంచి బీడీ కట్ట తీసి ఒకటి అందించాడు. "అన్నట్టు మీరు మానేశారు కదూ. మా పాలేరే చెప్పాడు."

"మానలే" అన్నాడు దశరథం.

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. ఇంత సులువైన మాట పదకొండు నెలలు ఎక్కడ ఉన్నట్టు? వీరరాఘవయ్య మాత్రం ఏమీ గమనించలేదు, అయితే తీసుకోండి అన్నాడు. వద్దని చెయ్యి ఊపాడు దశరథం. ఈసారి పుస్తకం కోసం కాదు, నోరు చేదుగా ఉంది.

మిగిలిన దారంతా ఒక్క విషయమే తిరుగుతూ వచ్చింది. భాద్రపదంలో తూకం ఏమీ పెరగలేదు. ఆ నెల అతను డైరీలో నిలువుగీత గీసి, "పర్వాలేదు" అని రాశాడు. పెరగని నెల కూడా ఉంది కాబట్టే మిగతా నెలలు నిజమని నమ్మాడు. ఇప్పుడు అర్థమవుతున్నది. ఆ నెల ఇసుక ఎంత పెరిగిందో మనిషి అంత తగ్గింది.

*

ఆస్పత్రి నుంచి లింగవ్వను తెచ్చి పెట్టుకున్న తన ఇంటి ముందు, చంద్రవ్వ అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతున్నది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు. మనిషి వచ్చి ఎదురుగా నిలబడినా వేళ్లు ఆగలేదు. ఇరవై అయిదు లెక్కపెట్టి, కట్టకు దారం చుట్టి, అప్పుడు తలెత్తింది.

"అచ్చినవా? కూసో."

"మంచిగున్నదా వదినె?"

"మంచిగున్నదా అని నన్నడుగుతవేంది, నీ పుస్తకంల లేదా?"

దశరథం చెప్పులు విడిచి అరుగు అంచున కూర్చున్నాడు. "తీస్కపోదామని అచ్చిన."

"ఎవ్వల్ని? మనిషినా, కట్టనా?"

తిట్టేవాళ్ల ముందు ఊరుకోవడం అతనికి ఉద్యోగంలో అలవాటే. కానీ రైతు తిట్టేటప్పుడు మనసు ఇంకో ఊరి చేల మీద ఉంటుంది. ఇప్పుడు ఎక్కడికీ పోలేదు.

"నేను పంపను, దశరథం. అది నోరు తెరిచి పోత అంటె గప్పుడు పంపుత. నీకు అవ్వ వంట చేసి పెడ్తది, నువ్వేం ఉపాసం ఉండవ్." చంద్రవ్వ కొత్త ఆకు తీసుకుంది. "డాక్టరమ్మ నిన్న అచ్చి చూసింది. ఇంకో నెల గిట్లనే ఉంటె గుండెకు పట్టుకుంటదట. మందుల్లేవు, సూదుల్లేవు, కడుపుల ఇంత పడాలె, పడ్డది ఆగాలె అన్నది. నిన్న గంజి తాగిచ్చిన. నేను గిట్ల బయటికి అచ్చిన్నో లేదో కక్కింది. పొద్దున జావ. గది గూడ గంతే."

"ఎందుకు కక్కుతున్నది?"

"గది నన్నెందుకు అడుగుతవ్? లోపట్నే ఉన్నది. నువ్వొక్కనాడన్న అడిగినవా దాన్ని?"

ఒకే పొద్దున ఇది రెండోసారి, ఎందుకో అడగలేదనిపించుకోవడం. దశరథం లేచి లోపలికి పోయాడు.

లింగవ్వ నులకమంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కిటికీలోంచి ఎండ ఆమె పాదాల మీద పడుతున్నది. ఇసుక లేని నడుము దగ్గర చీర ఎంత వదులుగా ఉందో చూసి అతను చూపు తిప్పుకున్నాడు. ఆమె మంచం దిగబోయింది.

"కూసో" అన్నాడు.

ఆమె కూర్చుంది. అతను గోడ పక్క పీట మీద కూర్చున్నాడు. బయట కత్తెర చప్పుడు.

"బర్రె పాలిస్తున్నదా?" అంది లింగవ్వ.

"ఇస్తున్నది."

"అత్త కండ్లు?"

"మందు పారబోసిందట."

"నాకెరుకే." లింగవ్వ పెదవి కొంచెం కదిలింది. నవ్వు కాదు. "ఇద్దరం మాట్లాడుకోలే. గని నాకెరుకే, ఆమెది. నాది ఆమెకు ఎరుక లేదు."

"ఎందుకు చేసినవ్?" ఆ మాట ఎంత ప్రయత్నించినా తనిఖీ మాటలాగే వచ్చింది. "తింటలేనని చెప్తె నేనేమన్న కొడుదునా?"

"కొట్టవ్."

"మరి?"

లింగవ్వ తన పాదాల మీది ఎండ వైపు చూసింది. "పుస్తకం తెచ్చినవా?"

"జేబుల ఉన్నది."

"నా పేరు కాడ ఏం రాసినవో చదువు. మొదాలు రాసింది."

అతను తీసి, పేజీ తిప్పి చదివాడు. "లింగవ్వ. బలం."

"గంతేనా?"

"గంతే."

"గది రాసినప్పుడు నన్ను అడిగినవా?"

"ఏం అడగాలె? డాక్టరమ్మ చెప్పింది గద."

"అవ్, చెప్పింది." ఆమె తల ఊపింది. వాదించే ఓపిక లేనిదానిలా కాదు, అతను చెప్పింది సరిగ్గానే ఉన్నట్టు. "నువ్వు రాసిననాటి సంది ముద్ద దిగుతలేదు. ముందుగాల గూడ శాన ఏం తినకపోతుంటి. గని ఆకలయితె తింటుంటి. రాసినంక ఒక్కొక్క ముద్ద గా పుస్తకంకే పోతున్నట్టుండె. నమిలితె ఇసుక నమిలినట్టుండె. మొదటి నెల తూకానికి పావుకిలో తగ్గుతనేమో అని నాకే అనిపిచ్చింది. ఒక్క గుప్పెడు ఇసుక కొంగుల కట్టుకున్న. గా ఒక్కనాటికే అనుకున్న."

"తగ్గితె తగ్గె. నేనేం అనకపోదును."

"నువ్వు అనవ్. నువ్వేం అననే అనవ్." ఆమె గొంతు ఇంకా మెల్లబడింది. "ఆ దినం తూకం పెరిగింది గద, గోదాం కాడికెళ్లి ఇంటిదాంక నువ్వు నా పక్కపొంటి నడిసినవ్. మాట్లాడుకుంట. చెరుకు ముచ్చటనే, ఏదో. కడమ దినాలల్ల నువ్వు ముందట నడుస్తవ్, నేను ఎన్క అస్త. తూకం పెరిగిన దినమే పక్కపొంటి. నాకు గది మల్ల కావాలెననిపిచ్చింది."

దశరథం నిజమా అని వెతుక్కున్నాడు. గోదాం నుంచి ఇంటికి దారి గుర్తుంది, వేపచెట్లు గుర్తున్నాయి, ఆమెతో ఏవో చెప్పుకుంటూ నడవడం గుర్తుంది. అవి ఏ రోజులో అతనికి తెలియదు. తన సంతోషానికి తేదీ ఉన్నదని, దాన్ని ఇంకొకరు లెక్కపెట్టుకుంటున్నారని తెలియకుండా పదకొండు నెలలు నడిచాడు.

"నలభై రెండు అయినంక ఏం చేద్దామనుకున్నవ్?" అని అడిగాడు. "గప్పుడు ఇంకో కాన్పు మాట అస్తుండె. సచ్చిపోదువు లింగవ్వా."

"గంత దూరం చూడలే. ఏ నెలకు ఆ నెలే."

బయట కత్తెర ఆగింది. చంద్రవ్వ లోపలికి వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అడగకుండా పొయ్యి దగ్గరికి పోయింది. పప్పు కాగుతున్న వాసన వచ్చింది. కాసేపటికి పీట ముందు నేల తుడిచి, నీళ్ల చెంబు పెట్టి, కంచంలో అన్నం, పప్పు, పక్కన ఇంత మామిడి తొక్కు వేసి దశరథం ముందు పెట్టింది.

"తిను. తిట్టిన గని తిండి పెట్టకుండ పంపుతనా?"

"ముందుగాల ఆమెకు పెట్టు."

"నువ్వు తిన్నంక తింట" అంది లింగవ్వ వెంటనే.

చంద్రవ్వ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఇన్నవా? పానం పోయెటట్టున్నది, అయినా నీ ఎన్కనే తింటదట. నువ్వు తిని లేసిన కంచంలనే తింటది. ఇంట్ల గట్లనే కదా? మా అవ్వ మా ఇద్దరికి గదే నేర్పింది. మా ఆయనకు ముప్పై బీడీలు తాగితె గని తెల్లారదు, ఆయన కంచంల అన్ని బీడీ వాసనలే. నేను ఎనిమిదేండ్ల కిందనే ఇడిసిపెట్టిన. నా కంచం నాది. ఇది ఇడువలే."

దశరథం కంచం వైపు చూశాడు. పద్నాలుగేళ్లుగా తను తిని లేచిన కంచమే ఆమె ముందుకు వెళ్లింది. వదలడం గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. చిన్నప్పుడు అన్నం పారేయొద్దని నేర్పారు, అందుకని మెతుకు లేకుండా తిని లేచేవాడు. అది తన మంచి గుణమని కూడా అనుకున్నాడు.

కంచాన్ని జరిపి మంచం పక్కన పెట్టాడు. "తిను."

లింగవ్వ మంచం దిగి నేల మీద కూర్చుంది. అన్నంలో చెయ్యి పెట్టింది. పప్పు కలిపింది. ఒక ముద్ద చేసింది, నోట్లో పెట్టుకుంది. దశరథం చూస్తున్నాడు. నమిలేటప్పుడు ఆమె ఎడమ దవడ మీద చిన్న గుంట పడుతుంది. పద్నాలుగేళ్లలో ఆ గుంట అతనికి తెలియదు. మింగలేక ఆమె నీళ్లు తాగింది. రెండో ముద్ద కలిపి, వేళ్ల మధ్య పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

"నువ్వు సూస్తుంటె దిగుతలేదు" అంది.

"జర బయటికి పో" అంది చంద్రవ్వ. ఈసారి కసిరినట్టు లేదు, బతిమాలినట్టుంది.

దశరథం లేచాడు. గుమ్మం దాకా పోయాడు. బయటికి పోతే పావుగంటకు అయిపోయిందంటారు, కంచం ఖాళీగా కనబడుతుంది, తను నమ్ముతాడు. చంద్రవ్వ కాపలా ఉన్నా సరే, ఆమె అటు తిరగ్గానే లింగవ్వ కక్కేస్తుంది. ఇక్కడే నిలబడితే ఆ ముద్ద వేళ్ల మధ్యే ఎండిపోతుంది. చేను గట్టు మీద నిలబడి ఎత్తు చూసి రాసుకోవడం తెలుసు. ఇంటికి పోవడం తెలుసు. ఈ రెండూ కాక ఇంకేదైనా ఉందా అన్నది ఏ అధికారీ అతనికి చెప్పలేదు.

వెనకనుంచి చప్పుడు లేదు. తిరిగి చూశాడు. లింగవ్వ ముద్దను కంచంలో పెట్టేసి, చెయ్యి అంచుకు ఆనించి, తల వంచుకుని ఉంది. అతను పోయేదాకా ఆగుదామని కాబోలు.

దశరథం వెనక్కి వచ్చాడు. పీట మీదికి పోలేదు. ఆమె పక్కన నేల మీద, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా, ఆమె ఎటు చూస్తున్నదో తనూ అటే చూస్తూ కూర్చున్నాడు.

"నా ఎంగిలిది" అంది లింగవ్వ, అతని చెయ్యి ఎటు వస్తున్నదో చూసి.

"ఏమయ్యా" అంది చంద్రవ్వ గరిటె పట్టుకునే.

అతను ఇద్దరికీ జవాబు చెప్పలేదు. ఆమె కలిపి వదిలేసిన ముద్దను కంచంలోంచి తీసి, తన నోట్లో పెట్టుకుని నమలసాగాడు.